ఈఆర్‌పీ ల్యాబ్‌లో ‘ఎ’ గ్రేడ్ వచ్చింది, కానీ నేర్చుకున్నదేంటో తెలియట్లేదు

లహరి_రెండోసెమ్
ఎంబీఏ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. మాకు ఈఆర్‌పీ (కంపెనీలో కొనుగోలు, నిల్వ, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) అని ఒక పేపరు, దానికి వారానికి రెండు గంటల ల్యాబ్. సాప్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో గ్లోబల్ బైక్ అనే సైకిళ్ల కంపెనీ కేస్ స్టడీలు చేయిస్తారు. ఒక్కొక్కరికి ఒక మూడంకెల నంబర్ ఇస్తారు, నాది 047. పీడీఎఫ్‌లో మూడు హ్యాష్ గుర్తులు ఎక్కడ కనిపిస్తే అక్కడ 047 కొట్టాలి. ఫలానా కోడ్ టైప్ చెయ్యి, ఫలానా డబ్బాలో ఈ విలువ పెట్టు, సేవ్ చెయ్యి, కింద వచ్చిన డాక్యుమెంట్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి రికార్డులో అతికించు. సెమిస్టర్ అంతా ఇదే పని.

నిన్న వైవాలో ఎక్స్‌టర్నల్ సర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. “తాళాలు కొన్నావు కదమ్మా. సరుకు గోడౌన్‌లో దిగింది. బిల్లు ఇంకా రాలేదు. ఆ రోజుకి మీ కంపెనీ సరఫరాదారుకి బాకీ ఉన్నట్టా, లేనట్టా?” నాకు నోట మాట రాలేదు. మిగోలో, అంటే సరుకు రాక నమోదు చేసే స్క్రీన్‌లో, ‘ఐటమ్ ఓకే’ దగ్గర టిక్ పెట్టి పోస్ట్ కొట్టడం కళ్లు మూసుకుని చేస్తాను. కానీ దాని వెనక ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. రికార్డు నీట్‌గా ఉందని ‘ఎ’ ఇచ్చారు. ఆ గ్రేడ్ చూస్తుంటే సంతోషం కంటే టెన్షన్ ఎక్కువగా ఉంది.

సెలవుల్లో అమీర్‌పేటలో కోర్సు చేస్తే మేలా? లేక దీన్ని సొంతంగా నేర్చుకునే దారి ఏదైనా ఉందా? కోర్సు అంటే నాన్న ఫీజు కట్టాలి కాబట్టి ఆలోచించి చెప్పండి.

అమీర్‌పేట_అంజి
కాలేజీలో అంతకంటే చెప్పరు. మైత్రీవనం దగ్గర ఏ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినా ముందు డెమో క్లాసు ఉంటుంది. రెండు మూడు చోట్ల విని, నచ్చిన చోట చేరండి. కాన్ఫిగరేషన్, అంటే కంపెనీకి తగ్గట్టు సాప్‌ని అమర్చడం, నేర్పుతారు, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టిస్తారు. నేను బీఎస్సీ చేసి, ఎంఎం (సరుకు కొనుగోలు, నిల్వల) మాడ్యూల్ నేర్చుకుని ఉద్యోగంలోకి వచ్చాను. ఎండ్ యూజర్ కోడ్లు ఎన్ని తెలిసినా ఉద్యోగం రాదు.

కోడ్_కిరణ్
మాకూ అచ్చం ఇదే. బీటెక్‌లో ఎలెక్టివ్. నాది 112.

వాల్తేరు_వాసు
ఎంఎంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. అంజి గారూ, ఏమీ అనుకోకండి, ఆ అమ్మాయికి ఇప్పుడు కావలసింది కాన్ఫిగరేషన్ కాదు. వైవాలో ఆ సర్ అడిగిన ప్రశ్నకి జవాబు తెలియకుండా ఓబీవైసీలో (ఏ కదలికకి ఏ ఖాతా పడాలో పెట్టే స్క్రీన్) ఖాతాలు సెట్ చేయడం నేర్చుకుంటే, ఏ ఖాతా ఎందుకు పెడుతున్నామో తెలియని ఇంకో రకం బట్టీ అవుతుంది.

లహరీ, మీ తాళాలే తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలి కాబట్టి 200 తాళాలు, ఒక్కోటి 300 రూపాయలు అనుకోండి. పన్ను సంగతి తర్వాత. మొత్తం 60,000.

పర్చేజ్ ఆర్డర్ వేశారు, అంటే సాప్‌లో ఎంఈ21ఎన్ కోడ్. ఆ రోజు ఖాతా పుస్తకంలో ఏమీ పడదు. మీరు కొంటానన్నారు, అతను ఇస్తానన్నాడు. మాట మాత్రమే ఇచ్చుకున్నారు, చేతులు మారింది ఏమీ లేదు.

లారీ వచ్చింది. మిగోలో 101 మూమెంట్ టైప్‌తో, అంటే సరుకు లోపలికి వచ్చిందనే కోడ్‌తో, పోస్ట్ చేశారు. అక్కడ రెండు డాక్యుమెంట్లు పుడతాయి. మీ స్క్రీన్ కింద కనిపించేది ఒక్కటే, మెటీరియల్ డాక్యుమెంట్. దానితో పాటే అకౌంటింగ్ డాక్యుమెంట్ కూడా తయారవుతుంది. అందులో సరుకు నిల్వ ఖాతా 60,000 డెబిట్, జీఆర్/ఐఆర్ (గూడ్స్ రిసీట్/ఇన్‌వాయిస్ రిసీట్, అంటే సరుకు రాక/బిల్లు రాక) అనే ఖాతా 60,000 క్రెడిట్.

ఆ సర్ అడిగింది ఈ జీఆర్/ఐఆర్ గురించే. సరుకు మీ గోడౌన్‌లోకి వచ్చేసింది కాబట్టి బాకీ ఉన్నట్టే. కాకపోతే బిల్లు రాలేదు కాబట్టి సరఫరాదారు పేరు మీద రాయలేం. అప్పటిదాకా ఆ బాకీని ఈ మధ్య ఖాతాలో ఉంచుతాం.

తర్వాత బిల్లు వచ్చింది. మైరోలో, అంటే బిల్లు నమోదు చేసే స్క్రీన్‌లో, పోస్ట్ చేస్తే జీఆర్/ఐఆర్ 60,000 డెబిట్, సరఫరాదారు 60,000 క్రెడిట్. మధ్య ఖాతా సున్నా అయింది, బాకీ అతని పేరు మీదకి వచ్చింది. చివర్లో డబ్బు కడితే సరఫరాదారు డెబిట్, బ్యాంకు క్రెడిట్.

నాలుగు మెట్లు, మూడు ఎంట్రీలు. ఇది కాగితం మీద చూడకుండా రాయగలిగితే, తర్వాత ఏ మాడ్యూల్‌కి వెళ్లినా భయం ఉండదు.

శిరీష_సీఏఇంటర్
వాసు గారు చెప్పింది మార్చి 31న ఇంకా బాగా అర్థమవుతుంది. 30న లారీ దిగింది, బిల్లు ఏప్రిల్ 4న వచ్చింది అనుకోండి. సరుకు ఈ ఏడాది నిల్వలో కనిపించి బాకీ వచ్చే ఏడాదిలో కనిపిస్తే, లేని లాభం ఉన్నట్టు అవుతుంది. అందుకే ఆడిట్‌లో మొదట అడిగే లిస్టుల్లో జీఆర్/ఐఆర్ బ్యాలెన్స్ ఒకటి.

జీఎస్టీలోనూ ఇదే తర్కం. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి తగ్గింపు, తీసుకోవాలంటే పన్ను బిల్లు చేతిలో ఉండాలి, సరుకు కూడా అంది ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే కుదరదు.

కోడ్_కిరణ్
తాళాలు వచ్చాయి సరే, తాళంచెవులు వచ్చాయో లేదో చూశారా లహరి గారూ?

లహరి_రెండోసెమ్
కిరణ్ 😀 వాటికి వేరే పీవో (పర్చేజ్ ఆర్డర్) వేయాలేమో.

వాసు గారూ, మిగో తర్వాత రెండో డాక్యుమెంట్ ఒకటి పుడుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. పీడీఎఫ్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది, నేనే చదవలేదేమో. అది ఎక్కడ కనిపిస్తుంది?

వాల్తేరు_వాసు
మిగోలోనే మీ మెటీరియల్ డాక్యుమెంట్ మళ్లీ తెరిచి ‘డాక్ ఇన్ఫో’ ట్యాబ్‌కి వెళ్లండి. ‘ఎఫ్‌ఐ డాక్యుమెంట్స్’ అని బటన్ ఉంటుంది. నొక్కితే డెబిట్, క్రెడిట్ రెండూ కనిపిస్తాయి.

మీ లాగిన్ ఇంకా పనిచేస్తుంటే ఒక పని చేయండి. మీ తాళం నంబర్ పెట్టి ఎంబీ51లో ఇప్పటిదాకా జరిగిన కదలికలన్నీ చూడండి. ఎఫ్‌బీఎల్1ఎన్‌లో మీ సరఫరాదారు ఖాతా చూడండి. ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.

పాఠాల_పద్మజ
నేను ఈ సబ్జెక్టే చెబుతాను, వేరే కాలేజీలో. మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. అరవై మంది పిల్లలు, రెండు గంటలు. అందులో అరగంట లాగిన్లకే పోతుంది. ఒకరు పాస్‌వర్డ్ మర్చిపోతారు, ఇంకొకరు పక్కవాళ్ల నంబర్ కొట్టేస్తారు. మిగిలిన గంటన్నరలో కేస్ పూర్తి చేయించాలంటే పీడీఎఫ్ చూసి కొట్టించడం తప్ప దారి ఉండదు. మొదటి రెండేళ్లు నేనూ అలాగే చెప్పాను.

తర్వాత ఒక మార్పు చేశాను. మొదటి వారం కంప్యూటర్లు ఆన్ చేయనివ్వను. క్లాసుని నాలుగు గుంపులు చేస్తాను: కొనుగోలు విభాగం, స్టోర్స్, అకౌంట్స్, సరఫరాదారు. తలా ఒక రంగు కాగితాల కట్ట, మధ్యలో పెట్టడానికి కార్బన్ పేపర్. సరుకు నోటు పుస్తకాలు. కొనుగోలు వాళ్లు 20 పుస్తకాలకి ఆర్డర్ రాస్తారు. సరఫరాదారు గుంపుకి మాత్రం చెవిలో చెబుతాను: 18 పంపండి, బిల్లు 20కి వేయండి.

పోయినసారి స్టోర్స్ గుంపులోని ఒక అబ్బాయి లెక్కపెట్టకుండానే 20 అని సంతకం పెట్టేశాడు. అకౌంట్స్ వాళ్లు డబ్బులిచ్చేశారు. ఇంకో సెక్షన్‌లో ఒక అమ్మాయి పుస్తకాలు బల్ల మీద పరిచి రెండుసార్లు లెక్కపెట్టి 18 అని రాసింది. కానీ ఆ కాగితం అకౌంట్స్‌కి చేరేలోపే వాళ్లు బిల్లు చూసి 20కి కట్టేశారు. గొడవ మొదలైంది. “నేను 18 అని రాశాను కదా!” “ఆ కాగితం మా దగ్గరికి రాలేదే!” ఆ గొడవ జరిగేటప్పుడు నేను ఒక్క మాట కూడా మాట్లాడను. ఆర్డర్, సరుకు చీటీ, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బు కట్టాలని వాళ్లే అంటారు. దానికి ‘త్రీ వే మ్యాచ్’ అని పేరుందని అప్పుడు బోర్డు మీద రాస్తాను.

రెండో వారం సాప్ తెరిచి అదే తప్పు చేయిస్తాను. మిగోలో 18, మైరోలో 20. సిస్టమ్ బిల్లు తీసుకుంటుంది కానీ చెల్లింపుకి బ్లాక్ పెడుతుంది. ఆ బ్లాక్ కనబడగానే పిల్లల ముఖాల్లో వచ్చే మార్పు కోసమే నేను ఈ సబ్జెక్ట్ వదలకుండా చెబుతున్నాను.

మిర్చియార్డు_మురళి
పద్మజ మేడమ్, మా కాలేజీలో మీలాంటి వాళ్లు ఉంటే బాగుండేది.

మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. మాకు సాప్ లేదు, టాలీ ఉంది. బీకాం కంప్యూటర్స్‌లో టాలీ నేర్చుకుని వచ్చి నాన్నతో కూర్చున్నాక అర్థమైంది, మేము బిల్లు వచ్చాకే ఎంట్రీ వేస్తున్నామని. సరుకు వచ్చినప్పుడు రిసీట్ నోట్ వేసే పద్ధతి టాలీలోనూ ఉంది, మేము ఎప్పుడూ వాడలేదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లిపోయేవి. పుస్తకంలో మాత్రం వారం తర్వాత కనిపించేవి. ఈలోపు ఎవరైనా ఫోన్ చేసి “తేజ రకం ఎంతుంది?” అని అడిగితే నాన్న తన నోటుబుక్కు తీసేవారు, టాలీ కాదు.

రిసీట్ నోట్ వేయడం మొదలుపెట్టి రెండు సీజన్లయింది. బిల్లు రావలసిన సరుకు లిస్టు టాలీలో విడిగా వస్తుంది. ఇప్పుడు నాన్న ముందు ఆ లిస్టు అడుగుతారు.

ఓపెన్‌సోర్స్_ఓబులేశు
లహరి గారూ, కోర్సు ఫీజు కట్టేముందు ఈఆర్‌పీనెక్స్ట్ ఒకసారి చూడండి. ముంబైలో ఫ్రాపె వాళ్లు తయారు చేసింది. ఓపెన్ సోర్స్ కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోవచ్చు, లైసెన్స్ డబ్బులు కట్టక్కర్లేదు. దాంట్లో కంపెనీ మీదే, గోడౌన్ మీదే. తప్పు చేస్తే చెరిపి మళ్లీ పెట్టుకోవచ్చు.

పైన వాసు గారు చెప్పిన మధ్య ఖాతా ఉంది కదా, ఈఆర్‌పీనెక్స్ట్‌లో దాని పేరే ‘స్టాక్ రిసీవ్డ్ బట్ నాట్ బిల్డ్’. సరుకు వచ్చింది, బిల్లు రాలేదు అని పేరులోనే ఉంది. సాప్‌లో జీఆర్/ఐఆర్ అని నాలుగక్షరాలుగా చూసి నేను ఏడాది పాటు దాన్ని పట్టించుకోలేదు. ఇక్కడ ఆ పేరు చదవగానే అర్థమైపోయింది.

అమీర్‌పేట_అంజి
నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ రెజ్యూమేలో ఈఆర్‌పీనెక్స్ట్ అని రాస్తే పెద్ద కంపెనీల్లో ఎంతమంది పిలుస్తారు? ఇల్లు గడవాల్సిన వాళ్లకి అదీ ముఖ్యమే. సాప్ పాత వెర్షన్ ఈసీసీకి మెయిన్‌స్ట్రీమ్ సపోర్ట్ 2027 చివరితో అయిపోతుందని సాప్ చెప్పేసింది. కొత్త వెర్షన్ ఎస్/4 హానాకి మారే పని చాలా కంపెనీల్లో నడుస్తోంది. పని ఉన్నచోటికే పోవాలి కదా.

ఓబులేశు గారి మాట విని ఏడాది పోగొట్టుకోవద్దనే నా ఉద్దేశం.

ఓపెన్‌సోర్స్_ఓబులేశు
ఏడాది ఎందుకు అంజి గారూ, రెండు వారాలు చాలు. సాప్ వద్దని నేను అనలేదు.

కోడ్_కిరణ్
అంజి అన్న ఎస్/4 మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. మా సీనియర్ ఇచ్చిన ఇన్‌స్టిట్యూట్ జిరాక్సు నోట్సులో సరఫరాదారుని ఎక్స్‌కే01తో సృష్టించమని ఉంది. మా ల్యాబ్‌లో ఎస్/4. ఎక్స్‌కే01 కొడితే అది బీపీకి, అంటే బిజినెస్ పార్ట్‌నర్ స్క్రీన్‌కి తీసుకెళ్లింది. నేను లాగిన్ పాడైందనుకుని గంట కూర్చున్నాను. ఎక్కడ చేరినా ముందు నోట్సు ఏ వెర్షన్‌దో అడగండి.

అమీర్‌పేట_అంజి
ఇది కరెక్టే. పాత నోట్సు ఇంకా తిరుగుతున్నాయి.

మాగ్డెబర్గ్_మనోజ్
జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాను. మాది ఒంగోలు. నేను చదివే ఊళ్లోనే, ఓటో ఫాన్ గెరికె యూనివర్సిటీలో, సాప్ యూనివర్సిటీ కాంపిటెన్స్ సెంటర్ ఉంది. వేరే యూనివర్సిటీలకి సాప్ సిస్టమ్‌లు నడిపి ఇస్తారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో ఇంకొకటి ఉంది. ఇక్కడా అదే గ్లోబల్ బైక్, అవే మూడు హ్యాష్‌లు. కాబట్టి లహరి గారూ, మీ కాలేజీ ఏదో నాసిరకం సిలబస్ చెబుతోందని మాత్రం అనుకోకండి.

నాకు తేడా కనిపించింది సాప్ తెరవకముందు. ప్రాసెస్‌ని బొమ్మ గీయించారు. ఈపీసీ (ఈవెంట్ డ్రివెన్ ప్రాసెస్ చెయిన్) అని ఒక పద్ధతి, సార్లాండ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ షేర్ బృందం 1990ల మొదట్లో తెచ్చింది. జరిగిన సంఘటనకి ఆరు మూలల డబ్బా, చేసే పనికి మూలలు గుండ్రంగా ఉండే డబ్బా. ‘సరుకు వచ్చింది’ అన్నది సంఘటన, ‘సరుకు లెక్కపెట్టు’ అన్నది పని. సంఘటన తర్వాత పని, పని తర్వాత సంఘటన. రెండు పనులు వరసగా గీస్తే మధ్యలో ఏం జరిగిందని అడుగుతారు. పరీక్షలో పెన్నుతోనే గీయాలి.

నేను మొదట గీసిన దాంట్లో ‘బిల్లు వచ్చింది’కి ముందు ‘సరుకు వచ్చింది’ అని వరసగా పెట్టాను. ట్యూటర్ అడిగింది: “బిల్లు ముందే వస్తే?” నిజమే కదా, చాలాసార్లు పోస్టులో బిల్లే ముందు వస్తుంది. రెండూ విడివిడిగా వచ్చి ఒకచోట కలవాలి. ఆ ఒక్క ప్రశ్నకి బొమ్మ మొత్తం మళ్లీ గీశాను. మైరో స్క్రీన్ అలా ఎందుకుందో ఆరోజు తెలిసింది.

వాల్తేరు_వాసు
మనోజ్, భలే పాయింటు. బిల్లు ముందొస్తే జీఆర్/ఐఆర్ డెబిట్ వైపు నిలుస్తుంది. బిల్లు వచ్చింది, సరుకు రావాలి అని అర్థం. ఒకే ఖాతా రెండు వైపులా పనిచేస్తుంది.

స్టోర్స్_సుజాత
నేను కాలేజీలో ఈఆర్‌పీ చదవలేదు. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో స్టోర్స్‌లో చేశాను. మీరంతా ఖాతాల వైపు నుంచి చెబుతున్నారు, నేను గేటు వైపు నుంచి చెబుతాను.

సాయంత్రం ఐదున్నరకి లారీ వస్తుంది. సెక్యూరిటీ గేట్ రిజిస్టర్‌లో రాస్తాడు. డ్రైవర్ చేతిలో డెలివరీ చలాన్, బిల్లు కాపీ, ఈ-వే బిల్లు. షిఫ్టు ఆరింటికి మారుతుంది కాబట్టి అందరికీ తొందరే. కాటా వేయాలి, డ్రమ్ముల మీద బ్యాచ్ నంబర్, గడువు తేదీ చూడాలి, సీలు చూడాలి. తర్వాతే సిస్టమ్ దగ్గర కూర్చోవాలి.

ఒకసారి కొత్త ముడిసరుకు వచ్చింది. ఆర్డర్ డ్రమ్ముల్లో, మా నిల్వ లెక్క కిలోల్లో. ఒక డ్రమ్ము అంటే 50 కిలోలు. మెటీరియల్ మాస్టర్‌లో, అంటే సరుకు వివరాలుండే రికార్డులో, ఎవరో 5 అని కొట్టారు, ఒక్క సున్నా పోయింది. నేను 40 డ్రమ్ములు లెక్కపెట్టి 40 అనే ఎంట్రీ వేశాను. నా కాగితం తప్పు కాదు. సిస్టమ్ మాత్రం 2,000 కిలోల బదులు 200 కిలోలు చూపించింది. రాత్రి ఎంఆర్‌పీ, అంటే ఏ సరుకు ఎంత కావాలో లెక్కకట్టే ప్రోగ్రామ్, నడిచింది. సరుకు చాలదని లెక్కకట్టి 1,800 కిలోలకి కొత్త రిక్విజిషన్లు (కొనమని అడిగే చీటీలు) పెట్టింది. కొనుగోలు వాళ్లు పొద్దున్నే ఆర్డర్ వేసేశారు. మూడో రోజు ప్రొడక్షన్ వాళ్లొచ్చి “సరుకు లేదంటున్నారు, మరి ఇక్కడ ఇన్ని డ్రమ్ములు ఏంటి?” అని అడిగితే బయటపడింది.

ఆ రెండో ఆర్డర్ ఆపడానికి మా మేనేజర్ చేసిన ఫోన్లు నాకింకా గుర్తున్నాయి. తప్పు చేసింది ఎవరో తేలేదాకా అందరూ నా వైపే చూశారు. కాలేజీ పిల్లలకి కోడ్లకంటే ముందు మెటీరియల్ మాస్టర్ నేర్పండి. యూనిట్ ఏంటి, ఎవరు పెట్టారు, ఎవరు సరిచూశారు అన్నది నేర్పండి.

పాఠాల_పద్మజ
సుజాత గారూ, ఈ డ్రమ్ముల సంగతి మా క్లాసులో చెప్పుకోవచ్చా? మా కేస్‌లో పిల్లలు మెటీరియల్ మాస్టర్ ఒకసారి చేసి మర్చిపోతారు. ఆ 5, 50 తేడా వాళ్లతోనే పెట్టించి ఎంఆర్‌పీ నడిపిస్తాను.

స్టోర్స్_సుజాత
తప్పకుండా చెప్పండి మేడమ్. కాటా దగ్గర నిలబడి వేసిన లెక్క అది, పిల్లలకి పనికొస్తే అంతకంటే ఏం కావాలి.

మిర్చియార్డు_మురళి
సుజాత అక్కా, నాకో సందేహం. మా టిక్కీ లోపలికి వెళ్లేటప్పుడు ఒక బరువు, ఆరు నెలల తర్వాత బయటికి వచ్చేటప్పుడు ఒక బరువు. తరుగు పోతుంది. మీ దగ్గర ఇలాంటిది ఎలా రాసేవాళ్లు?

స్టోర్స్_సుజాత
ఏడాదికోసారి కాదు, విడతలవారీగా భౌతికంగా లెక్కపెట్టి తేడా పోస్ట్ చేసేవాళ్లం మురళీ. ఆ తేడా డబ్బు విలువతో సహా ఖాతాలోకి పోతుంది. సంతకం లేకుండా పోస్ట్ అవ్వదు. మీరు తరుగుకి విడిగా ఒక ఖాతా పెట్టండి. కొన్న ధరలో కలిపేస్తే ఏ కోల్డ్ స్టోరేజీలో ఎక్కువ పోతోందో ఎప్పటికీ తెలియదు.

మిర్చియార్డు_మురళి
ఇది నాన్నకి ఈ రాత్రే చెబుతా.

మాగ్డెబర్గ్_మనోజ్
ఎంఆర్‌పీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మాకు ఈఆర్‌పీసిమ్ ఆడించారు. కెనడాలో హెచ్‌ఈసీ మాంట్రియల్ వాళ్లు తయారు చేసిన ఆట. నిజం సాప్‌లోనే ఆడతారు. నాలుగైదుగురు ఒక కంపెనీ, మ్యూస్లీ (ఓట్స్, ఎండుపళ్లు కలిపిన పొద్దుటి తిండి) తయారు చేసి అమ్మాలి. కస్టమర్లని, సరఫరాదారులని సాఫ్ట్‌వేరే నడిపిస్తుంది. రోజులు నిమిషాల్లో గడిచిపోతుంటాయి.

మా టీమ్ మొదటి రౌండులో బ్లూబెర్రీ మ్యూస్లీ బాగా అమ్ముడవుతోందని దాన్నే గుట్టలుగా తయారు చేశాం. పక్క టీమ్ ధర తగ్గించింది. మా గోడౌన్ నిండిపోయింది, చేతిలో డబ్బులేదు, వేరే రకం తయారు చేయడానికి ముడిసరుకు కొనలేని పరిస్థితి. మూడో రౌండుకి నేను అరవడం మానేసి రిపోర్టులు చదవడం మొదలుపెట్టాను. ఏ ప్రాంతంలో ఏ రకం ఎంతకి పోతోంది, నిల్వ ఎన్ని రోజులకి వస్తుంది అని. మా స్థానం చివరి నుంచి రెండోది. అయినా ఆ మధ్యాహ్నం నేర్చుకున్నంత ఆ సెమిస్టర్‌లో ఇంకెక్కడా నేర్చుకోలేదు.

పద్మజ మేడమ్, ఇండియాలో మీరూ ఇది ఆడించగలిగితే బాగుంటుంది.

పాఠాల_పద్మజ
అడుగుతున్నాను మనోజ్. దానికి అధ్యాపకులకి శిక్షణ కావాలి, మేనేజ్‌మెంట్ ఒప్పుకోవాలి. అప్పటిదాకా నా కార్బన్ పేపర్లే.

ఒక చిన్న సంగతి చెప్పాలనిపించింది. సాప్ ఆర్/3 అంటాం కదా, ఆ ఆర్ అంటే రియల్ టైమ్. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు పెట్టిన కంపెనీ అది. స్టోర్స్‌లో ఒకరు సరుకు దించుకున్న క్షణమే ఖాతా మారాలన్నది వాళ్లు పట్టుకున్న ఆలోచన. లహరి మిగోలో పోస్ట్ కొట్టగానే అకౌంటింగ్ డాక్యుమెంట్ ఎందుకు పుడుతుందంటే, అందుకే.

కోడ్_కిరణ్
మేడమ్, రియల్ టైమ్ అంటే గుర్తొచ్చింది. మా ల్యాబ్ ఒకసారి సరిగ్గా ఒకటో తారీఖున పడింది. అందరికీ ఒకే ఎర్రర్, పోస్టింగ్ పీరియడ్, అంటే ఎంట్రీలు వేయగలిగే నెల, ఓపెన్‌లో లేదని. అరవై మంది ఖాళీగా కూర్చున్నాం. సర్ ఎవరికో ఫోన్ చేసి తెరిపించారు. నెల ఎందుకు మూస్తారో అప్పుడు అర్థంకాలేదు. శిరీష గారు మార్చి 31 గురించి చెప్పింది చదివాక వెలిగింది. మూయకపోతే పోయిన నెల లెక్కలో ఎవరైనా ఎప్పుడైనా వేలు పెట్టొచ్చు.

శిరీష_సీఏఇంటర్
అంతే కిరణ్. జీఎస్టీ రిటర్న్ వేసేశాక పాత నెల తేదీతో ఎంట్రీ పడితే మా పని అయిపోయినట్టే.

అమీర్‌పేట_అంజి
ఇంత చదివాక నా మాట కొంచెం మారుస్తున్నాను. నా మొదటి ఇంటర్వ్యూలో కాన్ఫిగరేషన్ ప్రశ్నలన్నీ చెప్పేశాను. చివర్లో అడిగారు: “బిల్లు పోస్ట్ అయ్యాక సరుకు పాడైందని తెలిసింది, వెనక్కి పంపాలి. ఏం చేస్తావు?” 122 మూమెంట్, అంటే సరుకు వెనక్కి పంపే కోడ్, అన్నాను. “మరి బిల్లు సంగతి?” అన్నారు. బిల్లు బాకీ తగ్గించే క్రెడిట్ మెమో నాకు తట్టలేదు. ఆ ఉద్యోగం రాలేదు, రెండోది వచ్చింది. లహరి గారూ, కోర్సు చేయొద్దని ఇప్పటికీ అనను. కానీ వాసు గారి నాలుగు మెట్లు నోటికొచ్చాకే వెళ్లండి. లేకపోతే అక్కడా స్క్రీన్‌షాట్లే అవుతాయి.

లహరి_రెండోసెమ్
రెండు రోజులు కూర్చున్నాను. లాగిన్ ఇంకా పనిచేస్తోంది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మిగో డాక్యుమెంట్ తెరిచి ఎఫ్‌ఐ డాక్యుమెంట్స్ నొక్కాను. నిల్వ డెబిట్, జీఆర్/ఐఆర్ క్రెడిట్. వాసు గారు రాసినట్టే ఉంది. నాది డాలర్లలో, అంతే తేడా.

తర్వాత ఎఫ్‌బీఎల్1ఎన్‌లో నా సరఫరాదారు ఖాతా తీశాను. ఖాళీ! ఒక్క లైను కూడా లేదు. బిల్లు పోస్ట్ చేశాను కదా, రికార్డులో నంబర్ కూడా అతికించాను కదా అని రికార్డు తీసి చూశాను. ఆరోజు మైరోలో బ్యాలెన్స్ దగ్గర ఎర్ర లైటు వచ్చింది, పోస్ట్ అవ్వలేదు. టైమ్ అయిపోతోందని పక్కనే ఉన్న ‘హోల్డ్’ నొక్కాను. నంబర్ వచ్చింది, స్క్రీన్‌షాట్ తీశాను. అంటే ఆ బిల్లు ఎప్పుడూ ఖాతాలోకి వెళ్లనే లేదు. వైవాలో సర్ అడిగినట్టు సరుకు వచ్చి, బిల్లు రాని పరిస్థితి నా సిస్టమ్‌లోనే, నా నంబర్ మీదే ఉంది. నేను దానికి ఎ గ్రేడ్ తీసుకున్నాను.

ఎర్ర లైటు ఎందుకంటే బిల్లు మొత్తంలో ఒక అంకె తప్పు కొట్టాను. సరిచేసి పోస్ట్ చేశాను. ఎఫ్‌బీఎల్1ఎన్‌లో లైను వచ్చింది. అది చూసి నిజంగా చప్పట్లు కొట్టాను, అమ్మ వంటింట్లోంచి ఏమైందని వచ్చింది.

ఒకటి మాత్రం తేలలేదు. నేను 200 తాళాలు కొన్నాను. అమ్మకాల కేస్ నేను సైకిళ్లతో చేశాను, తాళాలు ఒక్కటీ అమ్మలేదు. నిల్వలో 188 చూపిస్తోంది. పన్నెండు ఏమయ్యాయి?

స్టోర్స్_సుజాత
ఎంబీ51లో మొత్తం లిస్టు తీశావా తల్లీ? మూమెంట్ టైప్ ఏముంది, యూజర్ పేరు ఎవరిది?

లహరి_రెండోసెమ్
ఇప్పుడే చూశాను అక్కా. 601, అంటే కస్టమర్‌కి పంపడం. పన్నెండు తాళాలు. యూజర్ 074. మా క్లాసు హారిక. ఆర్డర్‌లో తన 074ని తిరగేసి నా 047 కొట్టినట్టుంది. ఫోన్ చేస్తే తన దగ్గర పన్నెండు ఎక్కువున్నాయని తను కూడా ఇన్నాళ్లుగా వెతుకుతోందట.

స్టోర్స్_సుజాత
అయితే ఇద్దరూ కలిసి కూర్చుని సరిచేయండి. చెరపడం కుదరదు, వెనక్కి తిప్పే ఎంట్రీ వేయాలి. ముందు హారిక బిల్లింగ్ కూడా చేసేసిందేమో అడుగు. చేసి ఉంటే దాన్ని క్యాన్సిల్ చేశాకే డెలివరీ వెనక్కి తిప్పాలి.

లహరి_రెండోసెమ్
చేసేసిందట. రేపు మధ్యాహ్నం ల్యాబ్ తెరిపించమని మా మేడమ్‌ని అడిగాం, ఒప్పుకున్నారు.